దళం అంటే సగం రొట్టె

నా చిన్నప్పుడు దళం అనే మాట మా ఇంట్లో ఎవరూ గట్టిగా అనేవారు కాదు. సోషల్ పాఠంలో ఆ మాట వచ్చిన రోజు, దాని అర్థం ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మన్నారు మా టీచరు. అమ్మను అడిగితే వినిపించుకోలేదు. పొయ్యి దగ్గర జొన్న రొట్టెలు కొడుతున్న అమ్మమ్మ నా పళ్లెంలో రొట్టె వేసి, అందులో సగం తుంచి పక్కన మూత కింద పెట్టింది.

"గది నాది అమ్మమ్మా. ఎవరికి పెడుతున్నవ్?"

"అడగొద్దు. తిను."

ఆకలి మీద ఉన్నానేమో, నాకు ఏడుపొచ్చింది. అమ్మమ్మ చూసీ చూడనట్టు ఇంకో రొట్టె కొట్టింది.

"ఇగో, గిదే దళమంటే."

తర్వాత మెల్లగా చెప్పింది. నిజాం కాలంలో, కోహీర్ దగ్గర వాళ్ల ఊళ్లో, ఎదురు తిరిగినవాళ్లు కొందరు చేలల్లో దాక్కుని ఉండేవారట. వాళ్లే దళం. వాళ్లకు తిండి ఊరే పెట్టాలి. కానీ రొట్టె కొట్టే చప్పుడు పక్కింటికి వినిపిస్తుంది. ఏ ఇంట్లో ఎందరున్నారో అందరికీ తెలుసు. ఒక్క రొట్టె ఎక్కువైనా పట్టుబడిపోతారు. అందుకని ఇంటింటా తాము తినే దాంట్లోంచే సగం తీసి, పెరటి గోడ గూట్లో పెట్టేవారు. ఎవరు పట్టుకుపోతున్నారో, ఎవరు తింటున్నారో అడగకూడదు.

"మా అన్న సుత అండ్లనే ఉండె," అంది అమ్మమ్మ. "మా అవ్వ పెట్టింది ఆయన తింటున్నడో లేదో, అసలు ఉన్నడో లేడో ఆమెకు ఎర్కలేదు. నిజాం జవాన్లొచ్చి నీ కొడుకు ఏడున్నడంటే తెల్వదన్నది. నిజంగనే తెల్వదు మరి."

"మళ్ల ఎప్పుడొచ్చిండు?"

"రాలే. మిగిలినోళ్లు వచ్చిన్రు."

కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పి, పెనం మీది రొట్టె తిప్పింది. నేను నా సగం తిన్నాను. రుచి తెలియలేదు. బడిలో మాత్రం, పోరాడేవాళ్ల గుంపు అని చెప్పి కూర్చున్నాను.

ఇప్పుడు నాకూ ఒక కొడుకు. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద వాడి స్కూల్ వ్యాను కాస్త ఆగిపోతే చాలు, డ్రైవరుకు ఫోన్ మీద ఫోన్ చేస్తాను. "వస్తున్నం మేడం, జర ఆగుండ్రి," అని విసుక్కుంటాడు. అయినా మళ్లీ చేస్తాను. మా అమ్మమ్మ తల్లి, అడిగితే కొడుకు దొరికిపోతాడని, ఒక్కరినీ అడగలేదు.