పేరంటాలమ్మ ముఖాన అంటిన జిగురు

మొన్న మా మనవడు మదురై నుంచి రైలులో వచ్చాడు. వస్తూ ఒక కొత్త చెక్క పెట్టె తెచ్చుకున్నాడు, నల్లగా నిగనిగలాడే మెరుగు పెట్టిన పెట్టె, దాని మూత మీద అడ్డంగా రైలు వాళ్ల చీటీ ఒకటి అంటించి ఉంది. ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే వాడు ఆ చీటీని గోటితో సగం చించి, తక్కినదాన్ని కొడవలి మొనతో గీకబోతుంటే అరుగు మీద కూర్చున్న నేను ఒక్క కేక వేశాను. ఎనభై ఏళ్లు దగ్గరపడుతున్న ముసలివాడికి అంత గొంతు ఎక్కడిదని ఇంటిల్లిపాదీ బయటికి వచ్చారు. కొడవలి పక్కన పెట్టి గిన్నెలో నువ్వుల నూనె తెమ్మన్నాను. తాతకు చాదస్తం ముదిరిందని వాడు అనుకొని ఉంటాడు, అనుకోనీ. నూనె గుడ్డను ఆ చీటీ మీద నేనే పరిచాను. ఆ కేక చాదస్తం కాదు, నా పెళ్లీడు నాటి భయం.

నా ఈడు వాళ్లకు చౌకీలు గుర్తుండే ఉంటాయి. కుంఫిణీ దొరల కాలంలో ఊరు దాటితే చౌకీ, ఏరు దాటితే చౌకీ, బండిలో ఏముందో చూపించనిదే ఎద్దు అడుగు ముందుకు పడేది కాదు. అందులోనూ కోయంబత్తూరు వైపు పొగాకు మీద కుంఫిణీ వారికి మహా కన్ను. వాళ్ల అనుమతి లేకుండా ఒక కట్ట పొగాకు దొరికినా మనిషిని కచ్చేరికి ఈడ్చేవారు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు, వాళ్లకు చుట్ట కావాలంటే వీధి చివరికి వెళితే చాలు.

మాది తిరుమంగళం దగ్గర నల్లరేగడి ఊరు. మా పెద్దలు ఎప్పుడో ఉత్తరాన నదులు దాటి దక్షిణానికి వస్తుంటే, మా వంశపు ముత్తైదువ ఒకామె దారిలో కన్నుమూసిందట. ఆమె చీర, గాజులు పనస చెక్కతో చేసిన ఒక చిన్న పెట్టెలో పెట్టి మోసుకొచ్చారు. పెట్టెకంతటికీ ఎర్ర లక్క పూత, మూత మీద పసుపు, నలుపు రంగుల్లో ఆమె రూపు. ఆమే మా పేరంటాలమ్మ. మా ఇంటిపేరు గల ఆడపిల్లకు ఎక్కడ పెళ్లి జరిగినా ఆ పెట్టె వెళ్లాలి, పెళ్లికి ముందు రోజు దీపాలు పెట్టే వేళ పదిమందిలో దాన్ని తెరవాలి. తెరిచే హక్కు వంశంలోకెల్లా పెద్ద ముత్తైదువది. దారిలో పెట్టె తెరవకూడదు, నేల మీద దించకూడదు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. పెట్టె మీద ఎప్పుడూ పసుపు గుడ్డ కప్పి ఉంటుంది, అది తొలగినప్పుడు పదిమందిలో దీపం ముందర తప్ప మగవాడు ఆమె ముఖం చూడకూడదు.

అమ్మా నాన్నా ఇద్దరూ పోయాక మా చెల్లెలి పెళ్లి నా చేతి మీద పడింది. వరుడు పరాయివాడేమీ కాదు, కోయంబత్తూరు సీమలో ఉన్న మా మేనత్త కొడుకు. చిన్ననాటి నుంచి ఒకరి పేరు చెబితే ఇంకొకరు తల వంచుకొనే జంట. ముందు బండిలో మా పెద్దమ్మ, అంటే నాన్నగారి వదినగారు, బంధువులతో వెళ్లింది. పెట్టె తెరిచే హక్కు అప్పటికి ఆమెదే. వెనక బండిలో నేను, చెల్లెలు, మా మధ్యన పేరంటాలమ్మ.

పెద్దమ్మ సంగతి రెండు మాటల్లో చెప్పాలి. ఆమెకు కళ్లు మసకబారి చాలా కాలమైంది. మూతను నొసటి నుంచి పాదాల దాకా వేళ్లతో తడిమి చూసి, అంతా సరిగా ఉందనుకుంటేనే గడియ తీసేది. నా చిన్నప్పుడు ఒకసారి ఆ వేళ్లకు మూత మీద సన్నని పగులు తగిలింది. పేరంటాలు ఒప్పుకోలేదని ఒక్క మాట అని లేచిపోయింది, అంతటితో ఆ పెళ్లి ఆగిపోయింది. పందిరి కింద కూర్చున్న ఆ పిల్ల మళ్లీ పెళ్లి పందిరి ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. పగులును ఆ తరవాత అతికించారు గాని, మా ఇళ్లలో ఆడపిల్లలు ఆ కథ వింటూనే పెరిగారు.

ఒట్టన్‌చత్రం దాటిన తరవాత చౌకీలో మా బండి ఆపారు. పెద్దమ్మ బండి అప్పటికే చాలా దూరం వెళ్లిపోయింది. బంట్రోతు గడ్డి కింద చూశాడు, బియ్యపు మూట పొడిచి చూశాడు, చివరికి పెట్టె దగ్గరికి వచ్చి తెరవమన్నాడు. నేను వాడికి దండం పెట్టాను, మా ఆచారం చెప్పాను, లోపల పొగాకు లేదని పేరంటాలు మీదనే ఒట్టు వేశాను. మనిషి చెడ్డవాడు కాడు. పెట్టెను ఎత్తి చూశాడు, తట్టి చూశాడు, మూత సందులో ముక్కు పెట్టి వాసన చూశాడు. చూసినట్టు ఒక చీటీ అంటిస్తాను, పక్కన అంటించనా అని అడిగాడు. నా తెలివి తెల్లారింది అక్కడే. పక్కన ఉంటే ముందు చౌకీ వాడికి కనబడకపోవచ్చు, వాడు మళ్లీ తెరవమంటాడు, అందుకని పైన బాగా కనబడేటట్టు అంటించమని నేనే బతిమాలాను. గుడ్డ మీద జిగురు నిలవదని వాడు గుడ్డ తీశాడు. గుడ్డ తీయగానే నేనేం చేశాను? ఆచారం తప్పకుండా బుద్ధిగా మొహం అటు తిప్పుకొని ఎద్దు కొమ్ములు చూస్తూ నిలబడ్డాను. చెల్లెలు అప్పుడు బావి దగ్గర నీళ్లు తాగుతోంది. వాడు చీటీ అంటించి గుడ్డ కప్పి, పొమ్మన్నాడు. తరవాతి చౌకీలలో గుడ్డ అంచు ఎత్తి చీటీ కొస చూపిస్తే చాలు, వదిలిపెట్టారు. అంత సులువుగా దాటినందుకు లోలోపల మురిసిపోయాను కూడా.

అత్తవాళ్ల ఊరు చేరింది పెళ్లికి ముందు రోజు, ఎండ ఎక్కాక. పెట్టె తుడిచి పసుపు పెట్టడం పెళ్లికూతురి పని, అందుకని చెల్లెలు దాన్ని వెనక గదిలోకి తీసుకుపోయింది. కాసేపటికి ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకొని లోపలికి లాగింది. ఏడవలేదు, అరవలేదు, పెదవులు మాత్రం తెల్లబడ్డాయి.

"ఏమి సేస్తివి అణ్ణా," అంది. "అమ్మోరి మొగం కానరాలేదే."

ఇక ఆచారం ఎక్కడిది? చూశాను. ముక్కు దగ్గర నుంచి మెడ దాకా చీటీ. నీళ్లతో తడిపి లాగితే కాగితం ముక్కలు ముక్కలుగా వచ్చింది గాని, జిగురు అట్లాగే ఉండిపోయింది. వానకు ఊడకుండా గుగ్గిలం, ఆముదం కలిపి కాచిన జిగురు అది, నీటికి ఎక్కడ లొంగుతుంది? వేలు పెడితే వేలు అంటుకొని చప్పుడు చేస్తూ ఊడివస్తోంది. పెద్దమ్మ కళ్లకు కనబడకుండా ఏదైనా దాచవచ్చు, వేళ్లకు తగలకుండా దాచేదెట్లా? సాయంత్రం దీపాల వేళకు ఇంకా ఎంత పొద్దు ఉందా అని వాకిట్లో నీడ చూశాను. నీడ పందిరి గుంజను దాటి ఉంది.

ఏ జిడ్డు పోవాలన్నా మా ఇళ్లలో బూడిదే గతి. చెల్లెలు పొయ్యిలోని బూడిద తెచ్చింది, నేను తడిపి, చుబుకం దగ్గర మొదలుపెట్టి గట్టిగా రుద్దాను. నాలుగు రుద్దులకే గుడ్డ ఎర్రబడింది. జిగురు కదలలేదు, లక్క కదిలింది. చుబుకం కింద చింతగింజంత మేర రంగు లేచిపోయి పాలిపోయింది. చెల్లెలు గోడకు ఆనుకొని కూర్చుంది. దాని బతుకును నా చేతులతోనే అరగదీస్తున్నానని అనిపించి గుడ్డ వదిలేశాను. సారాయి అయితే దేన్నైనా కడుగుతుందని ఎవరో అనగా విన్న మాట గుర్తుకొచ్చి, ఊరి బయటికి పరుగెత్తాలని లేచాను.

గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. ఎంతసేపయిందో తెలియదు. నాకు అత్త, చెల్లెలికి కాబోయే అత్తగారు, అన్నిటికంటే మించి ఆ పెట్టె ముందర పెరిగిన మా ఇంటి ఆడపిల్ల. ఆమె ఒక్క కేక పెడితే అంతా అయిపోయేది. ఆమె తలుపు మూసి లోపలికి వచ్చింది.

"బూడిదతో రుద్దితివా?" అంది. నేను తల ఊపాను. సారాయి తెస్తానన్నాను.

"సారాయి పోస్తివంటే మొగమే కరిగిపోతాది. లక్కకు బూడిదా ఆగదు, సారాయీ ఆగదు. నూనె ఒక్కటే దాన్ని ఏమీ సెయ్యదు. మన ఇంటి పక్కన గాజులోళ్లు ఉండ్రి కదా, మరిసిపోతివా?"

అవును, మా ఇంటి పక్కన లక్క గాజులు చేసేవాళ్లు ఉండేవారు. నేను అటు వెళ్లింది వాళ్ల పొయ్యి దగ్గర చలి కాచుకోవడానికే, అత్త మాత్రం చూసి నేర్చుకుంది. ఆమె నువ్వుల నూనె గోరువెచ్చగా చేయించింది. ముందు పెట్టె అడుగున, ఎవరికీ కనబడని మూల ఒక చుక్క వేసి, తెల్లగుడ్డతో ఒత్తి చూసింది. గుడ్డకు ఎరుపు అంటలేదు. అప్పుడు నూనెలో ముంచిన పాత చీర పీలికను జిగురు మీద పరిచి చేతులు కట్టుకొని కూర్చుంది. నేను రెండుసార్లు గుడ్డ ఎత్తబోతే చెయ్యి పట్టుకుంది.

"సీక్రం వద్దురా. కొంచం పొరు, ఓర్చుకో. నీ తొందరే ఇంతదాకా తెచ్చింది."

ఒక కుండ అన్నం ఉడికేంత సేపు కూర్చున్నాం. బయట పెద్దమ్మ గొంతు వినబడుతూనే ఉంది, పెట్టె ముస్తాబు ఇంకా ఎంతసేపని అడుగుతోంది. పెళ్లికూతురు పసుపు నూరుతోందని అత్త లోపలి నుంచే జవాబు చెప్పింది. గుడ్డ తీసేసరికి జిగురు మెత్తబడి ఉంది. కత్తి ముట్టనివ్వలేదు, గోరు పెట్టనివ్వలేదు. ఎండిన తాటాకు మడత అంచుతో, చెక్క చార ఎటు ఉంటే అటే, మెల్లగా నెట్టింది. జిగురు చిన్న చిన్న ఉండలు కట్టి లేచింది. మిగిలిన పొరకు మళ్లీ నూనె గుడ్డ, మళ్లీ కాచుకోవడం. నీడ గోడ ఎక్కింది. ముక్కు బయటపడింది, పెదవులు బయటపడ్డాయి, మెడలోని నల్లపూసలు బయటపడ్డాయి. ఆఖరికి సన్నని తవుడు చల్లి, నూనె పీల్చుకున్నాక మెత్తని గుడ్డతో తుడిచింది. అత్త తన వేళ్లతో, పెద్దమ్మ తడిమే తీరుగానే, నొసటి నుంచి కిందికి తడిమింది. జిగట ఎక్కడా లేదు. చుబుకం కింద మచ్చ మాత్రం ఉంది, నా బూడిద పుణ్యం. అత్త దాన్ని చూసి నిట్టూర్చి, పసుపు ముద్ద తీసి ముందు దాని మీదనే పెట్టింది.

దీపాలు పెట్టారు. పదిమందీ చుట్టూ కూర్చున్నారు. చెల్లెలు తల వంచుకొని ఉంది గాని దాని భుజాలు రాయిలా బిగుసుకున్న సంగతి నాకు కనబడుతూనే ఉంది. పెద్దమ్మ వేళ్లు నొసటి మీద మొదలయ్యాయి, కళ్ల మీదికి, ముక్కు మీదికి, పెదవుల మీదికి దిగాయి. చుబుకం దగ్గర ఆగాయి.

"ఇక్కడ గరుకుగా ఉండాదేమి?" అంది పెద్దమ్మ.

"పసుపు వదినా. నేనే పెట్టినా," అంది అత్త.

పెద్దమ్మ పసుపు పక్కకు జరపలేదు. వేళ్లు ముక్కు దగ్గరికి తీసుకొని వాసన చూసింది. ఎంత తవుడు చల్లినా నువ్వుల నూనె వాసన ఎక్కడికి పోతుంది? ఆమె మసక కళ్లు తిన్నగా నా వైపు తిరిగాయి. ఆ క్షణాన నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను, అత్త నా పాదాన్ని తన పాదంతో తొక్కింది.

"అంత దూరం నుండి వచ్చింది కదా, తల్లి," అంది పెద్దమ్మ నెమ్మదిగా. "నూనె పోసుకొని తానం సేసింది. మంచిదే." గడియ తీసింది.

చెల్లెలు అప్పుడు ఏడ్చింది. పెళ్లికూతుళ్లు ఏడవడం మామూలేనని అందరూ అనుకున్నారు. నేను లేచి పశువుల కొట్టంలోకి వెళ్లి, అక్కడ ఎవరూ చూడకుండా నా ఏడుపు నేను ఏడ్చాను. పెద్దమ్మకు ఎంత తెలుసో నేను ఎన్నడూ అడగలేదు, ఆమె ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇళ్లలో ప్రతి పెళ్లికూతురూ మొదటి పసుపు పేరంటాలమ్మ చుబుకం మీదనే పెడుతుంది. ఆ తరవాతి పెళ్లిలో అత్త అట్లాగే పెట్టించింది, దాన్ని చూసి ఇంకొకరు పెట్టారు, నా కళ్ల ముందే అది ఆచారమై కూర్చుంది. ఎందుకని అడిగితే పెద్దవాళ్లు ఏదో ఒకటి కల్పించి చెబుతారు, నేను మీసం దువ్వుకుంటూ ఊరుకుంటాను. చౌకీలు పోయాయి, పెద్దమ్మ పోయింది, అత్త పోయింది. మూడేళ్ల కిందట చెల్లెలు కూడా పోయాక, ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకొని నవ్వుదామన్నా తోడు లేకుండా పోయింది. వారం రోజుల బండి ప్రయాణం ఇప్పుడు ఒక పగటి పనయింది. చీటీలు మాత్రం అంటిస్తూనే ఉన్నారు.

వచ్చే నెల మా మనవరాలి పెళ్లి కోయంబత్తూరులో. పేరంటాలమ్మ పెట్టెను రైలులో తీసుకుపోయేది ఈ మనవడే. వాడి కొత్త పెట్టె మీది జిగురు నూనెకు మెత్తబడి ఉండలు కట్టి లేస్తుంటే వాడు వింతగా చూశాడు. రైలు వాళ్లు ఆ పెట్టె మీద చీటీ అంటించేటప్పుడు కళ్లు తెరిచి, ఎక్కడ అంటిస్తున్నారో దగ్గరుండి చూసుకోమని చెప్పాను.

"మగోళ్లు సూడకూడదు కదా తాతా?" అన్నాడు.

చూడమన్నాను. చూస్తే వాడికి చుబుకం కింద పాలిపోయిన మచ్చ కనబడుతుంది, అదేమిటని అడగడానికి తిరిగి వస్తాడు. అప్పటికి అరుగు మీద నేను ఉంటానో లేదో తెలియదు గనుక, ఇది రాసి పెట్టాను.