రెండు పంచాంగాల నడుమ లేహ్ దారి

మొన్న ఆదివారం మా మనవరాలు వచ్చి, నలుగురు స్నేహితులతో కలిసి మనాలి నుంచి లేహ్‌కి కారులో వెళ్తున్నానని, దారిలో ఎక్కడెక్కడ ఆగాలో చెప్పమని వాళ్ళ తాతయ్యని అడిగింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న మా ఆయన, ఒక్కసారైనా కంటితో చూడని ఆ దారిని, ఊపిరి అందక మధ్యమధ్య ఆగుతూ, మజిలీ తరువాత మజిలీగా చెప్పుకొచ్చారు. పిల్ల బయలుదేరేది, కొత్త పనులకు మంచిది కాదనే తమిళుల ఆడి మాసం మొదటి వారంలో. ఆ సంగతి దానికి తెలియదు, నేనూ చెప్పలేదు. అలాంటి మాట ఒకసారి చెప్పి నేనేం చేసుకున్నానో నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుందని ఇదంతా రాస్తున్నాను.

మద్రాసులో చూలై అనే పేటలో మా ఆయనకు లారీల స్ప్రింగు కట్టలు బాగుచేసే చిన్న షెడ్డు ఉండేది. రాయపురం చేపల లారీలూ, ఎన్నూరు నుంచి వచ్చే బొగ్గు లారీలూ వీధి పొడుగునా నిలబడి ఉండేవి. ఒకసారి ఉత్తరాది డ్రైవరు ఒకడు, బండి సిద్ధమయ్యేలోగా టీ తాగుతూ, లేహ్ దారిలో గడ్డిపోచ కూడా మొలవని కొండల గురించి, ఇటుకరంగు కొండ పక్కనే ఊదారంగు కొండ ఉండటం గురించి, పూటంతా నడిపినా మనిషి ఎదురుపడని రోడ్డు గురించి చెప్పాడట. ఆ పూట భోజనానికి వచ్చిన మనిషి అన్నంలో చెయ్యి పెట్టి, కలపడం మరిచిపోయి, ఎడారిలో కొండలుంటాయంటనే, పోదామా అన్నారు. అప్పటికి మాకు పెళ్ళయి పదేళ్ళు, తిరుపతి కొండ తప్ప ఇంకో కొండ ఎక్కిన పాపాన పోలేదు.

ఇక ఆయన పట్టుకున్నారంటే వదిలే మనిషి కాదు. చండీగఢ్ దాకా రైలు, అక్కడ తెలిసిన లారీ ఓనరు జీపు, తొందరపడితే తల తిరుగుతుంది కాబట్టి కేలాంగ్, సర్చు, పాంగ్‌లలో ఆగుతూ నాలుగు రోజుల నిదానపు ప్రయాణం. అంత ఎత్తున ఇంజనుకు గాలి చాలదని, కార్బ్యురేటరులో ఏమేం మార్చాలో ఒక నోటుబుక్కు నిండా రాసుకున్నారు. నేను రెండు స్వెట్టర్లు అల్లాను. మద్రాసు ఉక్కలో, చెమటలు కారుతుంటే ఫ్యాను కింద కూర్చుని స్వెట్టరు అల్లే పిచ్చిది నేనొక్కదాన్నేనని మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా ఆటపట్టించేది.

అడ్డమొచ్చింది మా ఇంటి ఆచారం. మావాళ్ళు ఈ ఊరికి వచ్చి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. తెలుగువాళ్ళం కనుక ఆషాఢంలో ఏ కొత్త పనీ మొదలుపెట్టం, మద్రాసువాళ్ళం కనుక ఆడిలోనూ పెట్టం. ఒకటి పోతూ పోతూ మమ్మల్ని రెండోదాని చేతిలో పెట్టిపోతుంది. మంచు తీసి రోడ్డు తెరిచారన్న కబురు జూన్‌లో వచ్చి, రైలు టిక్కెట్లు దొరికే సరికి ఆషాఢం. అది దాటితే ఆడి. "పోనీ అబ్బయా, ఆ కొండలు యాడికీ పోవులే, ఈ మాసం గడవనీ" అనేవారు మా అత్తయ్య. గడిచాక శ్రావణంలో వరలక్ష్మీవ్రతం, వెనకే వినాయక చవితి, ఆపైన తమిళుల పురటాసి నెలలో శనివారాల ఉపవాసాలు, ఇంతలో అక్కడ మళ్ళీ మంచు పడేది. ఏటేటా ఇదే వరస. ఆయన ఒక్కసారి కూడా తల్లికి ఎదురు చెప్పలేదు.

అత్తయ్య పోయి, ఏడాది గడిచాక, ఆయన ఎవరినీ అడక్కుండా టిక్కెట్లు తెచ్చారు. ఆడి మాసం మూడో వారానికి. ఇక కాదనేవారు లేరనుకున్నారు పాపం. కాదన్నది నేను. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు ఆడిలో ప్రయాణమేమిటి, ఏదన్నా జరిగితే నలుగురూ ఏమంటారు అని, అత్తయ్య మాటల్నే నా నోట్లో పెట్టుకుని మాట్లాడాను. ఆయన "సరేలే, వచ్చే తూరి పోదాం" అని చొక్కా వేసుకుని షెడ్డుకు వెళ్ళిపోయారు. నేనలా కాదన్నందుకు ఈనాటికీ నన్ను నేను క్షమించుకోలేను. ఆ చలికాలమే దగ్గు మొదలైంది. ముప్ఫై ఏళ్ళు గ్రైండింగు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులని, కొండలు కాదు కదా మేడమెట్లు కూడా ఎక్కకూడదని డాక్టరు చెప్పేశారు.

ఇప్పుడు మా ఇంట్లో పంచాంగం చూసేవాళ్ళు లేరు. మనవరాలు ఫోనులో రెండుసార్లు నొక్కి హోటళ్ళు, కారు, అన్నీ కుదుర్చుకుంది. ఏ మాసమైనా దానికి ఒకటే, నేను సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా. కానీ అది వెళ్ళాక గదిలో ఇద్దరమే మిగిలాం. ఆయన కళ్ళు మూసుకుని కాస్త ఊపిరి కూడదీసుకుని, వచ్చే ఏడు మనం పోదామే, ఆషాఢం రాకముందే పోదాం అన్నారు. సరేనన్నాను. కాదు, ఆడిలో పోదాం, జనం తక్కువుంటారు అన్నారు. దానికీ సరేనన్నాను. ఇప్పుడు ఆయన ఏ నెల చెప్పినా నేను సరేనంటాను.