బర్రెకు మందు పట్టిన రోజు

నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా నంద్యాల గ్రంథాలయంలో బల్లల ముందు కూర్చుని సంపాదించుకున్నదే. ఆళ్లగడ్డలో బట్టలు ఇస్త్రీ చేసేవాడికి నిఘంటువుతో పనేమిటని కొందరు నవ్వేవారు. నేను మాత్రం నెలకొకసారి బస్సెక్కి పోయేవాణ్ణి.

ఒకసారి ‘పట్టు’ అన్న క్రియ చూశాను. పెద్దవాళ్లు మందు తాగుతారు. పసిబిడ్డకూ గొడ్డుకూ మందు పడతాం. ఎందుకని? ఆ మాటకు అర్థాలు పేజీ దాటి పోయాయి. చేత్తో పట్టుకోవడం మొదట్లోనే ఉంది, పాలో మందో పట్టడం ఎక్కడో కింద ఉంది. తనంతట తాను తాగలేని ప్రాణిని పట్టుకునే ఇవ్వాలి కనుక ఆ మొదటి అర్థం నుంచే ఇది పుట్టి ఉంటుందనుకున్నాను. పుస్తకంలో అలా లేదు, ఊహ నాదే. దానికే వారమంతా మురిసిపోయాను.

ఆ వారాంతంలో శిరివెళ్ల దగ్గర మా మేనత్త ఇంటికి పోయాను. ఆమెకున్నది ఒక్కటే బర్రె. మంచుకు తడిసిన లేత మేత తెగ మేసి, దాని ఎడమ డొక్క తప్పెటలా ఉబ్బింది. పశువుల డాక్టరు ఫోన్‌లో, తాను వచ్చేలోపు వేరుశనగ నూనె కొద్దికొద్దిగా పట్టమన్నాడు. అత్త వెదురు గొట్టంలో నూనె పోసి తెచ్చింది. నేనే అడిగి తీసుకున్నాను. దవడ చంకలో బిగించి, మూతి పైకెత్తి ఒంపాను. బర్రె దగ్గింది. ఇంకా బిగించాను.

“ఇడ్సప్పా, ఇడ్సు! నూనె ఊపిరిలోకి పోతే సస్తాది!” అని అత్త నా చెయ్యి లాగేసింది.

“పట్టుకోకుంటే ఎట్లత్తా పట్టేది?”

“నీ మెడ అట్ల ఇరిచి నీళ్లు పోస్తా, తాగుతావేందీ?”

ఆమె బర్రె తలను కొంచెమే ఎత్తి, పెదవి మూల నుంచి గుక్కెడు పోసి ఆగింది. గొంతు కదిలాక మరో గుక్కెడు. దగ్గు వచ్చేలా ఉంటే తల వదిలేసేది.

డాక్టరు వచ్చేసరికి డొక్క కాస్త దిగింది. ఆయన మొదట అడిగింది, దగ్గిందా అని.

“దగ్గింది సార్, నా చేతిలో” అన్నాను.

ఛాతీకి స్టెతస్కోపు పెట్టి విని, సూది వేసి, రెండు రోజులు చూడాలన్నాడు. నేను ఊరికి పోలేదు. కొట్టంలోనే కూర్చుని దాని ఊపిరి వింటూ ఉన్నాను. మూడోనాడు పొద్దున అది గడ్డి తిని నెమరు వేసింది.

అత్త వచ్చి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, “బతికితివి పో” అంది.