కాక మార్చిన పాస్‌వర్డ్

గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఉద్యోగంలో నేను చేరిన మొదటి వారం అది. ఇరవై ఏళ్లు బాయి కింద పనిచేసి, నడుము దెబ్బతిని, కొత్తగా ఆఫీసు పనికి మారిన కాక ఒకాయన నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, పాస్‌వర్డు మారుస్తుంటే నీకు అనుమతి లేదంటున్నది. నేను బాయిలకెల్లి వచ్చినోణ్ణని దానికెట్ల తెల్సింది?"

నాకు నవ్వొచ్చింది, ఆయన నవ్వలేదు. పాస్‌వర్డు పొడవు చూశాను, అక్షరాలు మార్చి చూశాను. మళ్లీ అదే జవాబు. చివరికి ఆయన ఖాతా సెట్టింగులు తెరిస్తే, పాస్‌వర్డు మార్చనివ్వొద్దనే గడిలో టిక్కు కనిపించింది! అంతకుముందు ఆ ఖాతాను నలుగురు కలిసి వాడేవారట. ఒకరు మార్చేస్తే మిగతావాళ్లకు తెరుచుకోదని అప్పట్లో ఎవరో ఆ టిక్కు పెట్టారు. ఆత్రంగా దాన్ని తీసేశాను.

"కాకా, తప్పు నీది గాదు! ఇప్పుడు కొట్టు, జల్ది!"

"అటు తిరుగు బిడ్డా. ఇగ ఇది నా ఒక్కనిది."

గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఒక్కో మీట ఆగి ఆగి నొక్కుతున్న చప్పుడు.

"మారింది! మారింది బిడ్డా!"

ఆ కేకకు పక్కగదిలోవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు.