అవ్వ మూసుకున్న కన్ను

నా చిన్నప్పుడు నా ఎడమ కన్ను సముద్రమంత నీలంగా ఉండేదనీ, దాన్ని చూడ్డానికి బీచ్ రోడ్డులో జనం గుమిగూడేవారనీ మా మనవళ్లకు చెబుతుంటాను. అంత లేదు. కుడి కన్ను నలుపు, ఎడమది తేనెరంగు. దగ్గరికొచ్చి చూస్తేనే తెలిసేది. మేముండే సారం పేటలో మా వీధి పిల్లలు దగ్గరికొచ్చే చూశారు.

"రేయ్ పిల్లికన్నూ, ఎలక యాడరా?" అని ఒకడు మొదలుపెట్టాడు. ఇక రోజూ బడి దాకా అదే పాట. ఒకనాడు విసిగిపోయి ఎడమ కన్ను మూసేశాను. జన్మలో తెరవకూడదనుకున్నాను. నెల్లాళ్లు అలాగే ఉన్నానని చెప్పుకుంటాను గానీ, మూడు రోజులే. అమ్మ బతిమాలింది, నాన్న బెత్తం చూపించాడు. నేను రెప్ప ఎత్తలేదు.

మా అవ్వ దారి వేరు. కాఫీ తిరగబోసి చల్లార్చడంలో ఆమెకు పేరు. చెయ్యెత్తి డబరా గిన్నెలోంచి గ్లాసులోకి పోస్తే బొట్టు కింద పడేది కాదు. నాలుగో రోజు పొద్దున తానూ ఎడమ కన్ను మూసుకుని కాఫీ ముందు కూర్చుంది. మొదటి ధార గ్లాసు దాటి తాతయ్య పంచె మీద పడింది.

"ఏందే ఇది? కంట్లో నలుసు పడిందా?" అంటూ తాతయ్య ఎగిరి లేచాడు.

"నలుసూ లేదు, గిలుసూ లేదు. వాడికి ఒక కన్ను చాలంటే నాకూ చాలు" అని అవ్వ మళ్లీ పోసింది. ఈసారి వేడి కాఫీ ఆమె వేళ్ల మీదే పడింది. వేళ్లు కందిపోయాయి. అయినా డబరా మళ్లీ ఎత్తింది.

నేను ఒక్క దూకు దూకి గాల్లోనే డబరా అందుకున్నానని చెబితే బాగుంటుంది. నిజానికి "వద్దవ్వా!" అని ఏడుస్తూ, రెండు కళ్లూ తెరిచి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అవ్వ కూడా కన్ను తెరిచింది. వేళ్లు చన్నీళ్లలో ముంచుకుంటూ, "రెండూ నీవేరా అబ్బయ్యా. ఎవుడో ఏందో అన్నాడని ఇంక మూయబాక" అంది.

ఆ రోజే బడికి వెళ్లాను. ఎలక పాట మళ్లీ వినిపించింది. వాళ్లందర్నీ చితకబాదానన్నది నా పాత కథ. కొట్టలేదు. పాడేవాడి ముఖంలోకి రెండు కళ్లతోనూ చూస్తూ నిలబడ్డాను, గంట కొట్టేదాకా. వారం దాకా ఆ పాట ఆగలేదు. నేనూ కన్ను మూయలేదు.

మొన్న ఏదో కార్డుకు ఫోటో కావాలంటే వెళ్లాను. స్టూడియోలో అమ్మాయి నా ముఖం కేసి చూసి, "తాతా, కంప్యూటర్లో రెండు కళ్లూ ఒకే రంగు చేసేదా?" అని అడిగింది. మాటల్లో ఎన్ని రంగులైనా వేసేవాణ్ని, దీనికి మాత్రం ఒప్పుకోలేదు. అవ్వ కందిన వేళ్లు గుర్తొచ్చాయి. రెండూ బాగా తెరిచి కూర్చుని, "ఇప్పుడు తీయమ్మా" అన్నాను.