తిమింగలం పేరు, మా అమ్మ చేతులు

పోయిన వారం క్లాసులో డీజిల్ గురించి చెబుతూ సీటేన్ అనే మాట దగ్గర ఆగాను. తిమింగలాన్ని లాటిన్‌లో పిలిచే మాటలోంచి అది వచ్చిందనీ, ఆ జంతువు తలలో దొరికే మైనం నుంచి మొదట తీసిన పదార్థానికి సీటైల్ అని పేరు పెడితే, ఆ వరసలోనే సీటేన్ కూడా పుట్టిందనీ చెప్పాను. దాని పేగుల్లో తయారయ్యే అంబరు నుంచి అంబ్రీన్ వచ్చిందని కూడా కలిపాను. సముద్రం మొహం చూడని పిల్లలకు తిమింగలం అంటే సరదా, నిద్రమొహాలు కూడా లేచి కూర్చుంటాయి. హనుమంతునిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి లేచి, "మేడం, ఇప్పుడు దాన్ని తిమింగలం నుంచి తీయట్లేదు గదా, ఇంక ఆ పేరెందుకు?" అని అడిగింది. పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. ఆ పిల్లకు తృప్తి కలిగినట్టు లేదు. ముప్పై ఏళ్ల కిందట ఇదే ప్రశ్న మా ఇంట్లో మా అమ్మ అడిగింది. అప్పుడూ నా జవాబు ఇంత చప్పగానే ఉంది.

మా నాయనకు గొర్రెలుండేవి. అమ్మ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పోయేది. రాతిపలక మీద నీళ్లు పోసుకుంటూ నున్నగా రుద్దే పని. పొద్దస్తమానం నీళ్లూ రాతిపొడీ తగిలి ఆమె చేతులు ఎండిన చెరువులా నెర్రెలిచ్చేవి. కారం కలిపిన అన్నం చేత్తో తినలేక, చెంచా పట్టుకుని తినేది. "దొరసాని వచ్చింది, జరగండి" అని నాయన ఎగతాళి చేసేవాడు. ఒకసారి ఆస్పత్రిలో డాక్టరమ్మ ట్యూబులో ఉన్న తెల్లటి మందు రాసిచ్చింది. పది రోజులు పూసుకునేసరికి నెర్రెలు పూడి, అమ్మ వేళ్లు పూర్తిగా ముడవగలిగింది. ఆ ఆనందంలో నా జడ కూడా తనే వేసింది.

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా ఇంట్లో అంతదాకా చదివిన ఆడపిల్ల నేనే. నేను పాసయ్యేదాకా నీసు ముట్టనని అమ్మ స్వామికి మొక్కుకుంది. గొర్రెలున్న ఇంట్లో ఆ మొక్కు ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. మేమంతా ఎముకలు జుర్రుతుంటే ఆమె పక్కన కూర్చుని చింతపండు చారుతో తినేది. ఇక నాకేమో కెమిస్ట్రీ కొత్తగా తలకెక్కింది. సబ్బు కాగితం మొదలుకుని గొర్రెల మందు సీసా దాకా దేని మీద ఏ పేరుంటే అది చదివి, దాని పుట్టుపూర్వోత్తరాలు ఇంటిల్లిపాదికీ వినిపించేదాన్ని. ఒక సాయంత్రం అమ్మ మందు పూసుకుంటుంటే ట్యూబు లాక్కుని, "సీటైల్ ఆల్కహాల్ అంటే ఏందో తెలుసా? తిమింగలం తలలో మైనం" అని గొప్పగా చెప్పాను.

అమ్మ పూసుకోవడం ఆపింది. "అంటే ఇన్నాళ్లూ నేను నీసు పూసుకుంటున్నానా?"

సర్దబోయి, "అది చేప కాదమ్మా. మనలాగా పిల్లకు పాలిచ్చే జంతువు" అన్నాను.

"పాలిచ్చే తల్లినా చంపింది?" అంటూ లేచిపోయి, కుంకుడు నురగతో చేతులు కడుక్కుని వచ్చింది. ట్యూబు గూట్లోకి పోయింది. వారం తిరగకుండా నెర్రెలు మళ్లీ విచ్చుకున్నాయి. అమ్మ రుద్దిన పలక మీద నెత్తురు మరక చూశానని ఆమెతో పనిచేసే అత్త ఒకామె వచ్చి చెప్పింది. పరీక్షలకే ఇంకా రెండు నెలలుంది. ఫలితాలు ఆ తర్వాతెప్పుడో. నా నోటిదురద వల్ల అమ్మ అన్నాళ్లు ఆ చేతులతో రాయి రుద్దాలి.

మర్నాడే మా కెమిస్ట్రీ సారును అడిగాను. తిమింగలాల వేట మానేశారనీ, ఇప్పుడా పదార్థాన్ని ఎక్కువగా పామాయిల్ నుంచే తీస్తారనీ, పేరు మాత్రం పాతదే ఉండిపోయిందనీ ఆయన చెప్పాడు. ఇంటికి ఒక్క పరుగు. "అమ్మా, అది మన రేషన్ దుకాణంలో ఇచ్చే పామాయిలే" అన్నాను.

"మరి ఆ పేరు ఇంకా ఎందుకు పెట్టుకున్నారు?"

"పేరుదేముందమ్మా, ఉత్త పేరే గదా."

అమ్మ నవ్వింది. ఆ నవ్వు ఎందుకో చెప్పాలంటే మా ఇంటి ఆనవాయితీ చెప్పాలి. నాది మా జేజి పేరు, అంటే మా నాయనమ్మది. నేను పుట్టకముందే ఆమె పోయింది. కోడలు అత్త పేరు పలకకూడదు కాబట్టి అమ్మ నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. పాపా అనేది, అంతే. నేను కుండ పగలగొట్టినా, ఎగిరొచ్చిన చెయ్యి సగంలో ఆగిపోయేది. నా వాటా దెబ్బలు కూడా మా తమ్ముడే తినేవాడు.

"మీ జేజి పేరు పెట్టినామని ఇన్నేండ్లుగా నిన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, పేరు పెట్టి పిలవలేదు. అది ఉత్త పేరేనా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. పాఠం అప్పజెప్పించుకునే పంతులమ్మలా నా వైపు చూసింది. ట్యూబు గూట్లోనే ఉండిపోయింది.

అప్పట్నుంచీ రోజూ పొద్దున ఆమె పనికి పోయేముందు చేతులకు ఆముదం మర్దన చేస్తూ నా ఫార్ములాలు అప్పజెప్పేదాన్ని. ఆముదం నెర్రెలకు పెద్దగా పనిచేయలేదు. నాకు కెమిస్ట్రీ మాత్రం బాగా వచ్చింది. పాసైన రోజు ఆ ట్యూబు నేనే దించి ఆమె చేతులకు పూశాను. పూస్తూ ఏడ్చాను, సిగ్గుతోనే ఏడ్చాను. కుడి బొటనవేలి దగ్గర నెర్రె పూర్తిగా మానలేదు. చివరిదాకా అక్కడ ఒక గీత ఉండిపోయింది.

అమ్మ పోయి ఐదేళ్లయింది. ఆ మరుసటేడు తమ్ముడికి పుట్టిన పాపకు ఆమె పేరే పెట్టాం. మరదలు కోడలు కాబట్టి ఆ పేరు పలకదు. మేనత్తను, నాకు ఏ అడ్డూ లేదు. మొన్న ఆదివారం ఆ పిల్ల నేను దిద్దిన పరీక్ష పేపర్లన్నీ తీసుకెళ్లి నీళ్ల తొట్లో ముంచింది. కోపం పట్టలేక చెయ్యి ఎత్తాను. అది బెదరకుండా, కళ్లెత్తి నన్నే చూసింది. నా చెయ్యి కిందికి దిగలేదు. పేరు వేరు, పదార్థం వేరు అని ఇన్నేళ్లు పాఠం చెప్పినదాన్ని. అది ఉత్త పేరేనా అని అమ్మ అడిగినదానికి జవాబు దొరకడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది, అప్పటికి వినడానికి అమ్మ లేదు.