డ్రైవర్ బాబాయ్ నోట్లో రెండు ఖాళీలు

మా పళ్ల డాక్టర్ల కాలేజీ బస్సులో పందొమ్మిదేళ్లుగా పనిముట్లు కడిగి, ఆవిరిపెట్టెలో పెట్టి తీసి అందించేది నేనే. వైద్యం అందని వాడలకు ఆఖరి సంవత్సరం పిల్లలను ఆ బస్సులో తీసుకెళ్తారు. వాళ్లకు పని వస్తుంది, అక్కడివాళ్ల నొప్పి పోతుంది. బస్సు నడిపే ఆయన పిల్లలందరికీ బాబాయ్, నాకు అన్నయ్య. అబ్బో, అంతటి మొండిఘటాన్ని నేనింకెక్కడా చూడలేదు.

కుర్చీ ఎక్కడానికి జనం జంకితే ముందు ఆయనే ఎక్కి నోరు తెరిచేవాడు. "చూశారుగా, చచ్చానా?" అంటూ దిగేవాడు. అలా ఎన్ని బ్యాచ్‌ల చేతులు ఆయన నోట్లో తిరిగాయో! మధ్యాహ్నం స్టీరింగు మీద తల వాల్చి, సగం నిద్రలో నాలుకతో పళ్లు తడుముకుంటూ, "ఈ పుచ్చుకి సిమెంటు పెట్టింది కళ్లజోడు పిల్లాడు, దీనికి నవ్వులమ్మ" అని గొణుక్కునేవాడు. తను నవ్వేటప్పుడు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. కుడిపక్క రెండు పళ్లు లేవు మరి.

ఆ రోజు ఇటుకబట్టీల పక్కన ఆగాం. ఆ బ్యాచ్‌కి అదే ఆఖరి రోజు. నీలం తెరల్లోంచి వచ్చే వెలుతురులో బస్సంతా నీళ్లలో మునిగినట్టుంది. గాలిమిషన్ రొద, లవంగనూనె వాసన, అందరి కళ్లూ మూతలు పడుతున్నాయి. పెద్దసారు బడిపిల్లల పళ్లు చూడటానికి బడి వరండాకి వెళ్లారు.

ఆ బ్యాచ్‌లో పొడుగుపిల్ల ఒక్కతే కళ్లు తెరుచుకుని కూర్చుంది. పన్ను పీకిన కేసు ఒక్కటి తక్కువైంది ఆమెకి. సాయంత్రంలోగా కేసుల పుస్తకంలో ఆ ఒక్క గడిలో సారు సంతకం పడకపోతే పరీక్ష ఆర్నెల్లు వెనక్కి పోతుంది. వచ్చినవాళ్లలో పీకాల్సిన పన్ను ఒక్కరికీ లేదు.

బాబాయ్ వచ్చి కుర్చీలో వాలాడు. "అమ్మాయ్, ఎడమ దవడ పన్ను ప్రాణం తీస్తోంది. పీకి పారెయ్!"

ఆ పిల్ల అద్దం కాడతో ఒక పన్ను మీద తట్టింది. "ఇదేనా?"

"అబ్బా! అదే!"

పక్కదాని మీద తట్టింది. "మరిది?"

"అబ్బా! అదేనమ్మా!"

"మీ నొప్పికి కాళ్లున్నట్టున్నాయి బాబాయ్" అని నవ్వి, మంచుముక్క ఆనించింది. జివ్వుమని ఉలిక్కిపడ్డాడు. తీయగానే తేరుకున్నాడు. చెడిన పన్నయితే ఆ పోటు అంత తొందరగా పోదు. "పన్ను నిక్షేపంలా ఉంది" అందామె.

"ఉంటే ఉండనీ. నా తోడబుట్టిన చెల్లి పంటి నొప్పితో దవడ వాచి ప్రాణం విడిచింది. అప్పుడు చూసే డాక్టరు లేడు మాకు. మీలో ఒక్కళ్లు డాక్టరు కాకుండా ఆగిపోయినా నాకు మనసొప్పదమ్మా."

ఆమె పట్టకారు చేతిలోకి తీసుకుంది. నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు? "ఒక్క పన్నేగా, కానిచ్చెయ్ తల్లీ" అనేశాను.

ఆమె మాత్రం ఆయన నోట్లో కుడిపక్క ఖాళీల వైపు చూసింది. "మరి ఈ రెండూ? ఇవి నిజంగానే నొప్పెట్టాయా బాబాయ్?"

బాబాయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లేదన్నట్టు తలూపాడు.

పట్టకారు మళ్లీ నా పళ్లెంలోకి వచ్చింది. "పరీక్ష ఆర్నెల్లకి మళ్లీ వస్తుంది. పన్ను రాదు" అని పుస్తకం మూసి, సారుతో చెప్పడానికి దిగి వెళ్లింది. మెట్ల మీద కళ్లు తుడుచుకోవడం చూశాను.

తిరుగుదారిలో కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పొలాల మీద ఎండ పల్చబడుతోంది. బాబాయ్ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.

"ఏంటన్నయ్యా, ఏడుస్తున్నావా?" అన్నాను.

"ఇన్నేళ్లలో అడిగింది ఈ పిల్లొక్కతే చెల్లెమ్మా."

నాకు ఒళ్లు మండింది. ఆ పీకిన వాళ్లకి బుద్ధుండక్కర్లేదా అని చెడామడా తిట్టాలని నోరు తెరిచాను. కానీ ఆ రెండుసార్లూ పట్టకారు అందించింది నేనే. పళ్లు కడిగి చెత్తడబ్బాలో వేసిందీ నేనే. పుచ్చన్నది లేకుండా తెల్లగా ఉన్నాయవి. చూశాను కూడా.